ఫీజు లేని చదువు, తాకట్టుకు పనికిరాని గది

జర్మనీలో చదువు ఉచితం అన్న మాట ఇప్పుడు తెలుగు ఇళ్లలో బాగానే నలుగుతోంది. మాటలో అబద్ధం లేదు. 2014-15 శీతాకాల సెమిస్టర్ నాటికి అక్కడి రాష్ట్రాలన్నీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో సాధారణ ట్యూషన్ ఫీజును ఎత్తేశాయి. అన్నిటికన్నా ఆలస్యంగా కదిలింది లోయర్ శాక్సనీ. విదేశీ విద్యార్థి అయినా చాలాచోట్ల సెమిస్టర్‌కు వంద నుంచి మూడొందల యాభై యూరోల దాకా చందా కడితే సరిపోతుంది, తరచుగా అందులోనే బస్సు, రైలు పాసు కూడా వచ్చేస్తుంది. అందుకే 2022-23లో 42,997 మందితో చైనాను దాటిన భారతీయ విద్యార్థులు మరుసటి ఏడాదికి 49,483 అయ్యారు, 2024-25 నాటికి 59 వేల దరిదాపులకు వచ్చారు. ఐతే ఈ ఉచితం ఎవరి విషయంలో నిజం, ఎవరి విషయంలో సగం నిజం అని తేల్చుకోవాలంటే అమీర్‌పేట కన్సల్టెన్సీ బోర్డుల కింద నిలబడితే తెలియదు. ముంబయి కామాఠిపుర గల్లీల్లోనో, వర్లీ, నాయగావ్‌లలో ఒక్కో గదిలో ఒక్కో కాపురం ఉండే పాత బీడీడీ చాళ్లలోనో మూడో తరం, నాలుగో తరం తెలుగు కుటుంబం పక్కన నిలబడి చూడాలి. అక్కడ డిగ్రీ చేతికొచ్చిన పిల్లకు అడ్డొచ్చేది ఫీజు కాదు. ఒకపక్క ఆస్తి చూపించమనే బ్యాంకు, మరోపక్క నువ్వు మా లెక్కలో లేవనే రెండు ప్రభుత్వాలు. ఈ రెండు అడ్డంకులూ ఒకే వలస చరిత్రలోంచి పుట్టాయి, వాటిని తీసే ఉపాయం కూడా ఒక్కటే కావచ్చు.

ఆ చరిత్ర తెలుగునాట ఎక్కువమందికి తెలియదు. 18వ శతాబ్దం చివర్లో నిజాం ఏలుబడిలోని తెలుగు ప్రాంతాల నుంచి కట్టుబడి పనులకు బొంబాయి చేరిన కామాఠీల పేరే ఆ పేటకు పడింది. తర్వాత్తర్వాత ఆ పేరు వినగానే దేశానికి వేరే సంగతి గుర్తురావడం మొదలైంది గానీ, చిన్న కార్ఖానాలు, దుకాణాలు, కాపురాలు అక్కడ ఎప్పుడూ ఉన్నాయి. కామాఠీల్లో కొందరు పెద్ద కాంట్రాక్టర్లుగా ఎదిగారు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జయా కరాడీ లింగూ, వ్యంకూ బాళాజీ కాళేవార్ వంటి బొంబాయి తెలుగువాళ్లు 1870లలో జోతిరావు ఫూలే సత్యశోధక సమాజానికి వెన్నుదన్నుగా నిలిచారు, ముద్రణాలయం పెట్టుకోవడానికి డబ్బు సమకూర్చారు. కింది కులాల చదువు కోసం పుట్టిన ఉద్యమంలో బొంబాయి తెలుగువాళ్ల సొమ్ము ఉందన్నమాట. వలసలో మరో పాయ మిల్లులది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల చేనేత కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, గిరణ్‌గావ్ బట్టల మిల్లుల్లో చేరారు. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ పిలుపుతో మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షల మంది పని మానేశారు. వాళ్లలో వేలాదిమంది మళ్లీ పనిలోకి వెళ్లిందే లేదు. రిటైరయ్యాక వచ్చే గ్రాట్యుటీతో ఊళ్లో ఎకరమో రెండెకరాలో కొనుక్కుందామనుకున్న తరం అక్కడే తెగిపోయింది. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణ తన బతుకుతెరువు గోసను మూడు ముక్కల్లో చెప్పుకుంటుంది. బొగ్గుబాయికి సింగరేణి ఉంది, యూనియన్లు ఉన్నాయి. దుబాయికి పోయి చనిపోయినవాళ్ల కుటుంబాలకు సాయమైనా ప్రకటించారు. నడిమి మాటను ఎన్నికల సభల్లో తప్ప ఎవరూ తలవరు.

ఇక జర్మనీ తలుపు దగ్గరకు వద్దాం. వీసాకు దరఖాస్తు పెట్టే విద్యార్థి మొదటి ఏడాది బతకడానికి సరిపడా డబ్బు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాలి. 2024 సెప్టెంబర్ నుంచి ఆ మొత్తం 11,904 యూరోలు. అక్కడికి చేరాక నెలకు 992 చొప్పున చేతికొస్తుంది. యూరో వంద రూపాయలు దాటిన ఈ రోజుల్లో అది పన్నెండు లక్షల మాట. దానికన్నా ముందు చిల్లర ఖర్చుల వరస ఒకటి ఉంది. చదువు పత్రాలను పరిశీలించి ఇచ్చే, 2022 నవంబర్ నుంచి భారతీయులకు తప్పనిసరి చేసిన ఏపీఎస్ సర్టిఫికెట్‌కు 18,000 రూపాయలు. చాలా విశ్వవిద్యాలయాల దరఖాస్తులు చూసే యూని-అసిస్ట్‌కు మొదటిదానికి 75 యూరోలు, ఆపైన ఒక్కోదానికి 30. ఐఈఎల్‌టీఎస్ ఫీజు, వీసాకు మళ్లీ 75 యూరోలు. నాలుగైదు చోట్ల ప్రయత్నిస్తే సీటు వస్తుందో రాదో తెలియకముందే అరలక్ష దాటిపోతుంది. ఈ అరలక్ష వరకు చాల్ కుటుంబం ఎలాగోలా సర్దుకుంటుంది. గల్లీలో ఆడవాళ్లు నడిపే భిషీ చీటీలు ఉన్నదే ఇలాంటి అవసరాలకు. పన్నెండు లక్షలు మాత్రం ఏ భిషీకీ అందవు. అప్పుడు బ్యాంకు మెట్లెక్కాలి.

విద్యారుణాల్లో మన బ్యాంకులు మామూలుగా పాటించే పద్ధతి తెలిసిందే. నాలుగు లక్షల దాకా ఏ హామీ అడగరు, ఏడున్నర లక్షల దాకా మూడో మనిషి పూచీ ఉంటే చాలు, ఆపైన ఆస్తి తాకట్టు పెట్టాలి. ఊళ్లో ఉన్న తెలుగు మధ్యతరగతి పిల్లల్ని విదేశాలకు పంపింది ఈ మూడో మెట్టు మీద నుంచే. పొలమో, ప్లాటో, రిజిస్టరైన ఇల్లో ఏదో ఒకటి కాగితం మీద ఉంటుంది. చాల్ కుటుంబానికి ఉన్నది గది. కామాఠిపురలో అది చాలావరకు పగిడీ గది. పెద్ద మొత్తం పోసి తీసుకున్నా యజమాని వేరే, నెల అద్దె నామమాత్రం, చేతిలో మిగిలేది అద్దె రసీదు. భాడా పావతి అని పిలిచే ఆ చిన్న కాగితం మీద తాత పేరు, గది నంబరు, నెల, అద్దె, కింద యజమాని తరఫు సంతకం ఉంటాయి. తాత పోయి ముప్పై ఏళ్లయినా కొన్ని ఇళ్లలో రసీదు ఇంకా ఆయన పేరు మీదే వస్తుంటుంది. దాన్ని రేషన్ కార్డుతో కలిపి ప్లాస్టిక్ కవర్లో చుట్టి దాస్తారు, ఇల్లనేదానికి ఉన్న ఆధారం అదొక్కటే కాబట్టి. దక్షిణ ముంబయిలో ఆ గదికి బయట లక్షల్లో ధర పలుకుతుంది, బ్యాంకు లెక్కలో మాత్రం సున్నా. కిరాయిదారు హక్కును తాకట్టు పెట్టుకోరు. బీడీడీ చాళ్లలోని 160 చదరపు అడుగుల గదులదీ ఇదే తంతు, అక్కడ యజమాని ప్రభుత్వం. తాకట్టు లేకుండా అప్పిచ్చే ప్రైవేటు ఫైనాన్స్ సంస్థలు లేకపోలేదు. వాళ్లు ఎక్కువ వడ్డీతో పాటు తండ్రి జీతం స్లిప్పో, ఆదాయపు పన్ను రిటర్నులో అడుగుతారు. కార్ఖానాలో కుట్టుపని చేసే తండ్రి ఏ స్లిప్పు తేగలడు? కేంద్రం 2024 నవంబర్‌లో ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకంలో తాకట్టూ పూచీ రెండూ లేవు, కాకపోతే అది దేశంలోని ఎంపిక చేసిన సంస్థల్లో చదివేవాళ్లకే.

బ్యాంకు కాదంటే ప్రభుత్వ ఉపకారవేతనం ఉందిగా అనొచ్చు. ఉంది, తెలంగాణలోనూ మహారాష్ట్రలోనూ ఉంది. ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరుతో, బీసీలకు మహాత్మా జోతిబా ఫూలే పేరుతో తెలంగాణ ఇరవై లక్షల దాకా ఇచ్చే విదేశీ విద్యానిధికి జర్మనీ కూడా అర్హమైన దేశమే. ఐతే తెలంగాణ నివాసి అయ్యుండాలి, కుల, ఆదాయ ధ్రువపత్రాలు అక్కడి తహసీల్దారు ఇవ్వాలి. వర్లీలో పుట్టి, ముంబయి బడిలో చదివి, తండ్రి ముంబయిలోనే సంపాదించే పిల్లకు ఆ ధ్రువపత్రం ఎవరిస్తారు? పోనీ మహారాష్ట్రను అడిగితే అక్కడ తేదీల గోడ ఉంది. ఓబీసీ ధ్రువపత్రం కావాలంటే 1967 అక్టోబర్ 13కు ముందే కుటుంబం ఆ రాష్ట్రంలో ఉందని రుజువు చూపాలి, ఎస్సీలైతే 1950 ఆగస్టు 10కి ముందు. బ్యాంకు పక్కకు నెట్టిన అద్దె రసీదే ఇక్కడ ప్రాణంపోసే కాగితం అవుతుంది, తాత పేరు మీద పాత రసీదు దొరికితే. కానీ మిల్లు కార్మికుల్లో ఎందరికి సొంత పేరున గది ఉండేది? ఒకే గదిలో పదిమంది షిఫ్టుల వారీగా పడుకున్న కాలం అది. రసీదు ఒకరి పేరున ఉంటే, మిగతా తొమ్మిదిమంది మనవలకు నగరంలో తాత ఉన్న ఆనవాలే లేదు. ఇది కొత్త గొడవ కూడా కాదు. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగం వల్ల చిన్నప్పుడే బొంబాయి చేరి అక్కడే చదువుకున్న విద్యార్థి ఒకరు పరేల్‌లోని సేఠ్ జి.ఎస్. మెడికల్ కాలేజీ ప్రవేశం విషయంలో సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డ్ తెగ గుర్తింపు రాష్ట్రం దాటితే వెంటరాదని 1990లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. వెనకబాటు ఒక ప్రాంతపు పరిస్థితుల్లోంచి వస్తుందన్న తర్కం అందులో ఉంది. ఊళ్లోని వెనకబాటు రైలెక్కి మనిషితో పాటే చాల్‌లో దిగుతుందని కామాఠిపుర రెండు వందల ఏళ్లుగా చూపిస్తూనే ఉన్నా, చట్టం దృష్టిలో అది లెక్కకు రాలేదు.

ధ్రువపత్రం దొరికినవాళ్ల దారైనా సాఫీ అనుకోనక్కర్లేదు. మహారాష్ట్రలో షెడ్యూల్డ్ కులాలకు రాజర్షి శాహూ మహారాజ్ పేరున విదేశీ ఉపకారవేతనాలు ఏటా 75. అవి కూడా ప్రపంచ ర్యాంకుల జాబితాలో పైవరసన ఉన్న విశ్వవిద్యాలయాలకే. జర్మనీ విషయంలో ఈ షరతు తలకిందులుగా పనిచేస్తుంది. పరిశ్రమలతో కలిసి నడిచే, ఇంటర్న్‌షిప్‌ను పాఠంలో భాగం చేసే అప్లైడ్ సైన్సెస్ విశ్వవిద్యాలయాలు ఈ ర్యాంకుల్లో కనిపించవు, పరిశోధన పత్రాల సంఖ్య పెంచడం వాటి పని కాదు గనుక. మామూలు కాలేజీలో మామూలు మార్కులతో బయటికొచ్చిన విద్యార్థికి సీటూ తర్వాత ఉద్యోగమూ దొరికే అవకాశం ఎక్కువ ఉన్నది అక్కడే. ర్యాంకుల్లో వెలిగే మ్యూనిక్ టెక్నికల్ విశ్వవిద్యాలయం ఐరోపా సంఘం బయటి వాళ్లకు 2024-25 శీతాకాలం నుంచి ఫీజు పెట్టింది, మాస్టర్స్‌కు సెమిస్టర్‌కు నాలుగు వేల నుంచి ఆరు వేల యూరోలు. హైడెల్‌బర్గ్, కార్ల్స్‌రూయె, ఫ్రైబర్గ్ ఉన్న బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రం 2017 నుంచే సెమిస్టర్‌కు 1,500 యూరోలు వసూలు చేస్తోంది. ర్యాంకు చూసి పంపుతామంటే, ఉచితం లేనిచోటికి వెతికి మరీ పంపినట్టవుతుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణను తీసిపారేయలేం. మాటుంగాలో వీజేటీఐ, ఐసీటీ, పవయిలో ఐఐటీ, దేవనార్‌లో టిస్ ఉండగా చాల్ పిల్లను ఆరు వేల కిలోమీటర్లకు పైగా పంపడం దేనికి? అదే డబ్బు మునిసిపల్ బడులమీద పెడితే వందమంది బాగుపడరా? మొదటి ప్రశ్నకు నా సమాధానం సూటిగా ఉంటుంది: వీజేటీఐలో సీటొస్తే వీజేటీఐకే వెళ్లాలి. కానీ కోచింగ్ లేకుండా ఆ సీటు రాదు. బీఎస్సీ ఐటీయో, ఇంజనీరింగో ఓ మోస్తరు కాలేజీలో పూర్తిచేసిన ఇరవై రెండేళ్ల మనిషికి రెండో అవకాశం ఇచ్చే వ్యవస్థలు మన దగ్గర తక్కువ, జర్మన్ వ్యవస్థ అలాంటిదొకటి. అక్కడ ప్రవేశానికి ఒక్కరోజు పరీక్ష కన్నా మూడు నాలుగేళ్ల డిగ్రీలో ఏయే సబ్జెక్టులు చదివారన్నది ముఖ్యం. ఇందులోనే ఒక ముల్లుంది. బీకాం చదివి కంప్యూటర్ మాస్టర్స్‌కు మారతామంటే ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు సాధారణంగా ఒప్పుకోవు. ఆ సంగతి పన్నెండో తరగతిలోనే చెప్పేవాళ్లు లేకపోవడం వల్ల, ఆలస్యంగా తెలుసుకున్న పిల్లలు ఏజెంట్ల మాట విని ఏడాదికి పదివేల యూరోలు గుంజే ప్రైవేటు సంస్థల్లో తేలతారు. దాదర్‌లో ఆంధ్ర మహాసభకు భవనం ఉంది, చాళ్లలో కుల సంఘాలున్నాయి. ఉగాది కవిసమ్మేళనాలకూ సన్మానాలకూ పెట్టే శ్రద్ధలో కొంత ఈ సమాచారం మీద పెడితే ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కర్లేదు. రెండో ప్రశ్నకు, అంటే బడులకు డబ్బు అన్నదానికి, ఇది పోటీ పెట్టాల్సిన ఖర్చే కాదని చెప్పాలి. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

మరో ఆక్షేపణ ప్రభుత్వాల వైపు నుంచి వస్తుంది. చదువెందుకు, పనికే పంపుదాం అని. 2024 ఫిబ్రవరిలో మహారాష్ట్ర బాడెన్ వుర్టెంబర్గ్‌తో ఒప్పందం చేసుకుంది: నర్సులు, ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, డ్రైవర్లు వంటి పనివాళ్లను పదివేల మంది దాకా పంపాలని. అదే ఏడాది అక్టోబర్‌లో జర్మనీ భారతీయ నిపుణులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామంది. జీతమిస్తూ నేర్పే ఆస్‌బిల్డుంగ్ శిక్షణ చాలామందికి విశ్వవిద్యాలయం కన్నా మంచి దారి కావచ్చు, దాన్ని చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. కానీ ముంబయికి 1968 నుంచి సోదర నగరమైన స్టుట్‌గార్ట్ బాడెన్ వుర్టెంబర్గ్ రాజధాని. అక్కడికి ఈ ముంబయి పిల్ల పైపులు బిగించడానికి వెళ్తే ఇరు ప్రభుత్వాలూ విమానం దాకా సాగనంపుతాయి, మెకానికల్ ఇంజనీరింగ్ చదవడానికి వెళ్తే సెమిస్టర్‌కు 1,500 యూరోలు కట్టాలి, పన్నెండు లక్షలు ముందే చూపాలి, సాగనంపేవాళ్లు ఉండరు. నగరం కట్టడానికి కామాఠీని పిలిచిన పద్ధతికీ దీనికీ తేడా నాకైతే కనిపించడం లేదు. ఒప్పందంలో విద్యార్థులకు ఫీజు మినహాయింపు అడగడానికి మహారాష్ట్రకు ఏ ఇబ్బందీ లేదు, అడగాలన్న ఆలోచన రావాలంతే.

చాళ్ల పునర్నిర్మాణం అవుతోంది కదా, సొంత ఫ్లాటు వస్తే తాకట్టు సమస్య దానంతటదే తీరుతుందన్న మాట కూడా వినిపిస్తుంది. వర్లీ బీడీడీలో 2025 ఆగస్టులో 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఇళ్ల తాళాలు ఇచ్చారు. అది చిన్న విషయం కాదు. కానీ సుమారు 34 ఎకరాల కామాఠిపుర పథకం అదే ఏడాది టెండర్ల దశలో ఉంది. ఇరవై రెండేళ్ల వయసు టెండర్ల కోసం ఆగదు. పైగా రసీదు లేని ఉపకిరాయిదారులకు ఆ ఫ్లాటు కూడా రాదు.

అసలు విషయం పన్నెండు లక్షల స్వభావంలో ఉంది. అది ఫీజులా ఒక్కసారి కట్టేసి మరిచిపోయే సొమ్ము కాదు. వీసా నిరాకరిస్తే ఖాతా తెరిచిన సంస్థ తీసుకునే కొద్దిపాటి రుసుం పోను మిగతాది తిరిగొస్తుంది. వీసా వచ్చాక కూడా నెలకు 992 యూరోలకు మించి తీయలేరు, కాబట్టి దాన్ని ఎగరేసుకుపోయే అవకాశం తక్కువ. 2024 మార్చి నుంచి విదేశీ విద్యార్థి ఏడాదికి 140 పూర్తి రోజులు పనిచేయొచ్చు. 2025లో కనీస వేతనం గంటకు 12.82 యూరోలు. వారానికి ఇరవై గంటలు పని దొరికితే రెండో ఏడాది ఖర్చు చాలావరకు అక్కడే గడుస్తుంది. ఆ పని గిడ్డంగిలోనో, డెలివరీ సంచి మోస్తూనో దొరుకుతుందన్నది నిజం, జర్మన్ భాష రాకపోతే ఆపైకి ఎదగడం కష్టమన్నదీ నిజం. పని ఎక్కువై పరీక్షలు తప్పి, రెండేళ్ల మాస్టర్స్ మూడేళ్లకు సాగినవాళ్లూ ఉంటారు. ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ, బజారులో హిందీ, బళ్లో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగిన పిల్లలు ఐదో భాషకు జడుస్తారని నేననుకోను. కాలాఘోడాలోని మాక్స్‌ముల్లర్ భవన్ కోర్సు ఫీజుకే జడుస్తారు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండనిస్తారు. అంటే ఈ కుటుంబాలకు కావాల్సింది దానం కాదు, ఏడున్నర లక్షల మెట్టు దాటడానికి ఆస్తి స్థానంలో నిలబడే ఒక పూచీ.

ఆస్తి లేని చాల్ నుంచి పూచీ మీద చదువుకు వెళ్లినవాళ్లు లేకపోలేదు. పరేల్‌లోని బీఐటీ చాల్‌లో ఇరవై ఏళ్లకు పైగా కాపురమున్న అంబేడ్కర్‌ను 1913లో కొలంబియాకు పంపిన బరోడా సంస్థానం ఆయన్ను ఇల్లు తాకట్టు పెట్టమనలేదు. తిరిగొచ్చి పదేళ్లు కొలువు చేస్తానన్న ఒప్పందం రాయించుకుంది. ఆ కొలువు వివక్ష వల్ల నిలవలేదు గానీ, ఒప్పందానికి ఆధారం మనిషి రేపటి సంపాదనే. 1920లో రెండోసారి లండన్ వెళ్లేటప్పుడు సొంత పొదుపుతో పాటు కొల్హాపూర్ శాహూ మహారాజ్ సాయం, నావల్ భథేనా అనే స్నేహితుడి అప్పు అక్కరకొచ్చాయి. ఆ ప్రయాణంలోనే 1921లో ఆయన బాన్ విశ్వవిద్యాలయంలో పేరు నమోదు చేయించుకున్నారు, చదువు మాత్రం లండన్‌లోనే సాగింది.

ఇవాళ బరోడా పాత్ర ఎవరు పోషించాలి అన్నప్పుడు, నా లెక్కలో మొదటి వంతు తెలంగాణది, తర్వాత ఆంధ్రప్రదేశ్‌ది. వాళ్లు మహారాష్ట్ర పౌరులు, మేమెందుకు అని అధికారులు అంటారు. ముంబయి నుంచి మనియార్డర్లు వచ్చిన దశాబ్దాల్లో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు. తాతల ఊరి సర్పంచో తహసీల్దారో మూలం ధ్రువీకరించి, ఆదాయం మాత్రం ముంబయి తహసీల్దారు పత్రం మీద తీసుకుంటే సరిపోతుంది. దీనికి కులం గుర్తింపు రాష్ట్రం దాటాల్సిన పని కూడా లేదు, కాబట్టి 1990 తీర్పు అడ్డురాదు. వలస కుటుంబం, ఇంత ఆదాయం లోపు, ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ప్రవేశపత్రం చేతిలో ఉంది, అంతే. అప్పిచ్చేది బ్యాంకే, ప్రభుత్వం నిలబడేది పూచీగా. ఏడాదికి వందమందిని తీసుకుంటే పూచీ విలువ పన్నెండు కోట్లు. అందులో ఖజానా నిజంగా కట్టాల్సి వచ్చేది ఎగవేతల మేరకే, అది బడుల నిధుల్లోంచి తీయాల్సినంత పెద్ద మొత్తం కాదు. ఎగవేతలు ఉంటాయి. పొలాలు తాకట్టు పెట్టినవాళ్లలోనూ ఉన్నాయి, కాకపోతే అక్కడ నష్టపోయింది కుటుంబం. ఇక్కడ ఆ నష్టంలో కొంత ప్రభుత్వం భరించాలని అడుగుతున్నాం, మూడేళ్లు నడిపి ఎగవేతల లెక్క బయటపెట్టమనీ అడుగుతున్నాం. లెక్క బాగుంటే మహారాష్ట్ర ఓబీసీ, ఎస్సీ కార్పొరేషన్లు ఇదే పద్ధతిని 1967, 1950 తేదీలతో పనిలేకుండా చాళ్లలోని మరాఠీ, కన్నడ, గుజరాతీ పిల్లలకూ వర్తింపజేయొచ్చు, వాళ్ల గదుల రసీదులు కూడా బ్యాంకులో చెల్లవు.